స్టేషన్‌తో పాటు పరిశోధనకూ నిధులు అడగండి: నెల్లూరు, ఒంగోలు ఎంపీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నెల్లూరు, ఒంగోలు లోక్‌సభ సభ్యులకు నమస్కారాలు.

2026-27 కేంద్ర బడ్జెట్‌లో ఏడు హైస్పీడ్ రైలు కారిడార్లు ప్రకటించారు. వాటిలో హైదరాబాద్–చెన్నై ఒకటి. అప్పటి నుంచి మన జిల్లాల్లో నలుగురు కలిసిన చోటల్లా అదే చర్చ. స్టేషన్ నెల్లూరుకిస్తారా ఒంగోలుకిస్తారా, లైను ఎవరి పొలాల మీదుగా పోతుంది, ఎకరానికి ఎంత కట్టిస్తారు. మీ ఆఫీసుకు వచ్చే అర్జీల్లోనూ ఇవే ఉంటాయి. భూమి పోగొట్టుకునే రైతు ఆ మాట అడగడం న్యాయం. నేను మాత్రం ఇంకో విషయం మీ ముందు పెట్టడానికి రాస్తున్నాను. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో మన నేల మీద రైలు పరుగెత్తాలంటే అంతకుముందే జరగాల్సిన పరిశోధన చాలా ఉంది. దానికి ప్రభుత్వం డబ్బు ఇవ్వాలి. ఆ డబ్బు విడిగా, పేరు పెట్టి, బడ్జెట్‌లో కనపడాలి. అందులో కొంత మన రెండు జిల్లాల్లో ఖర్చు కావాలి. ఇది మీరు పార్లమెంటులో అడగాలి.

నేను కావలి ప్రాంతంలో సివిల్ ఇంజినీరింగ్ పాఠాలు చెబుతాను. మట్టి నా సబ్జెక్టు. అందుకే మట్టి దగ్గరే మొదలుపెడతాను.

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. కట్ట కొట్టుకుపోయింది. పట్టాలూ, వాటికి బిగించిన సిమెంటు స్లీపర్లూ మిగిలాయి గానీ కింద మట్టి లేదు, అవి గాల్లో వేలాడుతూ కనిపించాయి. పక్కనే జాతీయ రహదారి కూడా తెగింది. విజయవాడ–చెన్నై రైళ్లు ఆగిపోయాయి, చాలా రైళ్లు రద్దయ్యాయి. రైల్వే వాళ్లు రాత్రింబవళ్లు కష్టపడి కట్ట మళ్లీ పోశారు, కంకర వేశారు, రైళ్లు నెమ్మదిగా నడిపారు, తర్వాత వేగం పెంచారు. కంకర మీద నడిచే మామూలు లైనుకు ఆ వెసులుబాటు ఉంది. ఎక్కడైనా పట్టా కాస్త కుంగితే ట్రాక్ సిబ్బంది వచ్చి కింద కంకర కూరి లెవెల్ తెస్తారు.

ముంబయి–అహ్మదాబాద్ హైస్పీడ్ లైనుకు తీసుకున్న జపాన్ పద్ధతిలో పట్టాల కింద కంకర ఉండదు, కాంక్రీటు పలకలు ఉంటాయి. పలకల కింద నేల కుంగితే కంకర తోసి సరిచేయడానికి వీలుండదు. ఆ వేగంలో నేల కుంగుబాటును మిల్లీమీటర్లలో లెక్కపెడతారు. ఇప్పుడు ఒంగోలు చుట్టుపక్కల రేగడి చేలను గుర్తు చేసుకోండి. మే నెలలో నేల నెర్రెలు విచ్చి ఉంటుంది, చెయ్యి మణికట్టు దాకా లోపలికి పోతుంది. అక్టోబరులో అదే నేల నీళ్లు తాగి ఉబ్బుతుంది.

మా ల్యాబులో ప్రతి బ్యాచ్‌కీ ఈ పరీక్ష చేయిస్తాను. ఎండబెట్టి జల్లించిన రేగడి మట్టి పది గ్రాములు ఒక గాజు జాడీలో, పది గ్రాములు ఇంకో జాడీలో పోస్తాం. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్. మర్నాడు వచ్చి చూస్తే కిరోసిన్ జాడీలో మట్టి కదలకుండా అడుగునే ఉంటుంది. నీళ్ల జాడీలో దాని మట్టం పైకి లేచి ఉంటుంది. ఆ తేడాను శాతంగా లెక్కగడతాం. రేషన్ కిరోసిన్ ఆగిపోయాక ఈ పరీక్షకు లీటరు కిరోసిన్ దొరకడమే కష్టమైపోయింది, అది వేరే సంగతి. ఆ గాజు జాడీ మీద గీత ఎంత పైకి లేచిందో చూసిన పిల్లలు, సార్, దీని మీద బుల్లెట్ ట్రైన్ ఎలా వేస్తారు అని అడుగుతారు. స్తంభాల మీద వేస్తారని చెబుతాను. ముంబయి లైనులో అత్యధిక భాగం అలాగే స్తంభాల మీద కడుతున్నారు. కానీ ఆ స్తంభం ఎంత లోతు దిగాలి, ఉబ్బే మట్టి దాన్ని పక్కలనుంచి ఎంత పట్టి లాగుతుంది, స్టేషన్లూ డిపోలూ వచ్చే చోట నేల మీద కట్ట పోయక తప్పనప్పుడు ఏం చేయాలి? వీటికి జవాబులు గుజరాత్ నుంచి తెచ్చుకుంటే సరిపోవు. ఇక్కడి మట్టిలో తవ్వి, తడిపి, బరువు పెట్టి, ఏళ్ల తరబడి కొలవాలి.

పెన్నా దిగువన, ఉప్పుటేర్ల పక్కన ఉన్న మెత్తటి బంకమట్టిది ఇంకో రకం సమస్య. స్వీడన్ పశ్చిమ తీరంలో లెడ్స్‌గార్డ్ అనే చోట 1997-98 ప్రాంతంలో ఇది బయటపడింది. అక్కడ ఎక్స్2000 అనే వేగవంతమైన రైలును మెత్తటి నేల మీద 200 కిలోమీటర్ల వేగంతో నడిపితే కట్ట ఊహించని స్థాయిలో ఊగింది. మెత్తటి నేలలో కంపనాలు ప్రయాణించే వేగానికి ఒక హద్దు ఉంటుంది. రైలు ఆ వేగాన్ని అందుకుందంటే, పడవ ముందు నీళ్లు అలగా లేచినట్టు, రైలు కింద నేలే అలగా లేస్తుంది. వెంటనే అక్కడ వేగం 130కి తగ్గించారు. తర్వాత సున్నం, సిమెంటు కలిపిన స్తంభాలు నేలలోకి దించి గట్టిపరిచారు. అంతకంటే ముఖ్యం, ఆ కొలతలన్నీ ప్రచురించారు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ మెత్తటి నేల మీద హైస్పీడ్ లైను గురించి చదివినా ఆ ఊరి పేరు వస్తుంది. మన తీరం మట్టిలో ఆ వేగం హద్దు ఎంతో, ఏ ఊరి దగ్గర ఎంతో కొలిచి పెట్టుకుంటే రేపు ఏ కంపెనీ వచ్చినా ముందు మన లెక్క చూడాల్సి వస్తుంది.

భూకంపాల మాట కూడా చెప్పాలి. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు వైపు వరసగా ప్రకంపనలు వచ్చి జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. ముంబయి–అహ్మదాబాద్ లైనుకు 28 భూకంప మాపకాలు పెడుతున్నారు. తొలి తరంగం తాకగానే కరెంటు ఆగి, రైళ్లకు బ్రేకులు పడే ఏర్పాటది. మన దగ్గర ఎన్ని కావాలి, ఎక్కడ పెట్టాలి? దానికి తోడు తుపాను గాలులు, కరెంటు తీగలను పట్టి ఉంచే ఇన్సులేటర్ల మీద పేరుకునే సముద్రపు ఉప్పు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నెల్లూరును, ఒంగోలును తడిపి బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని కొలవాల్సినవే.

కొలవాలంటే డబ్బు కావాలి. ఆ డబ్బు ప్రభుత్వమే పెట్టాలి, ఎందుకంటే పదేళ్ల తర్వాత గానీ ఫలితం తేలని పనికి ప్రైవేటు కంపెనీ ముందుకు రాదు. వేగం రైళ్లు సాధించిన ఏ దేశం చరిత్ర చూసినా ఇదే కనిపిస్తుంది.

జపాన్ సంగతి చూడండి. 1957లో వాళ్ల రైల్వే పరిశోధన సంస్థ ఇంజినీర్లు టోక్యోలో సభ పెట్టి, టోక్యో నుంచి ఒసాకాకు మూడు గంటల్లో వెళ్లవచ్చని జనానికి వివరించారు. యుద్ధకాలంలో విమానాల రెక్కలు ఎందుకు అదురుతాయో అధ్యయనం చేసిన మత్సుదైరా తదాషి లాంటి వాళ్లు, యుద్ధం అయ్యాక అదే గణితంతో రైలు చక్రాలు వేగంలో ఎందుకు అటూ ఇటూ ఊగుతాయో కనిపెట్టారు. 1961లో ప్రపంచ బ్యాంకు దగ్గర 8 కోట్ల డాలర్ల అప్పు తీసుకున్నారు. 1964 అక్టోబరు 1న షింకన్‌సెన్ నడిచింది. గమనించండి, వాళ్లు డబ్బు అప్పు తెచ్చుకున్నారు, పరిజ్ఞానం అప్పు తెచ్చుకోలేదు. మనం 508 కిలోమీటర్ల ముంబయి–అహ్మదాబాద్ లైనుకు జపాన్ దగ్గర 0.1 శాతం వడ్డీకి, 50 ఏళ్లలో తీర్చేలా, అంచనా వ్యయంలో 81 శాతం అప్పు తీసుకున్నాం. షరతులు మంచివే. కానీ డబ్బుతో పాటు పరిజ్ఞానమూ వాళ్లదే.

పరిజ్ఞానం కొనుక్కోవడం తప్పని నేననను. కొరియా కూడా కొనుక్కుంది. 1994లో ఫ్రాన్సుతో ఒప్పందం చేసుకుని 46 రైళ్లు తీసుకుంది, వాటిలో 12 ఫ్రాన్సులో తయారైతే 34 కొరియాలోనే కట్టుకున్నారు. మనం నేర్చుకోవాల్సింది ఆ తర్వాతి అడుగు. కొన్న రైలు పట్టాలెక్కకముందే, 1996లోనే, సొంత రైలు కోసం కొరియా ప్రభుత్వం ఒక జాతీయ పరిశోధన కార్యక్రమం మొదలుపెట్టింది. యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు, ఫ్యాక్టరీలు కలిసి పనిచేశాయి. 2004 ఏప్రిల్‌లో ఫ్రెంచి పరిజ్ఞానంతో సర్వీసు ప్రారంభమైంది. అదే ఏడాది డిసెంబరులో వాళ్ల సొంత ప్రయోగ రైలు గంటకు 352.4 కిలోమీటర్లు అందుకుంది. 2010 నాటికి కొరియాలో డిజైన్ చేసిన రైళ్లు ప్రయాణికులను ఎక్కించుకున్నాయి. కొనే పనీ, నేర్చే పనీ రెండూ ఒకేసారి నడిపారు. నేర్చే పనికి ఏటా ప్రభుత్వం నిధులిచ్చింది.

మనవాళ్లకు చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రాపూరు దగ్గర వెలిగొండను తొలిచి చెర్లోపల్లి వైపు ఆరున్నర కిలోమీటర్లకు పైగా సొరంగం వేశారు. 2018 సెప్టెంబరు 1న వెంకయ్యనాయుడు గారు, అప్పటి ఉపరాష్ట్రపతి, దాన్ని జాతికి అంకితం చేశారు. కృష్ణపట్నం రేవు సరుకు ఇవాళ ఆ దారినే ఓబులవారిపల్లె చేరుతోంది. కవచ్ ఇంకో ఉదాహరణ. ఒకే పట్టా మీద రెండు రైళ్లు ఎదురుపడకుండా ఆపే ఆ వ్యవస్థను లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ, మన దేశపు కంపెనీలతో కలిసి తయారు చేసింది. 2016లో ప్యాసింజర్ రైళ్ల మీద తొలి పరీక్షలు జరిగింది మన దక్షిణ మధ్య రైల్వేలోనే. విదేశీ వ్యవస్థకు కిలోమీటరుకు సుమారు 2 కోట్లు అయ్యే చోట ఇది 50 లక్షల్లో అవుతుందని ప్రభుత్వమే చెప్పింది. ఏళ్ల తరబడి ఓపిగ్గా పెట్టిన పరిశోధన ఖర్చుకు వచ్చిన ప్రతిఫలం అది.

2024 అక్టోబరులో చెన్నైలోని రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్, గంటకు 280 కిలోమీటర్ల వేగానికి డిజైన్ చేసే రెండు రైళ్ల కోసం బెంగళూరులోని ప్రభుత్వ రంగ కంపెనీ బీఈఎంఎల్‌కు 866.87 కోట్ల ఆర్డరు ఇచ్చింది. డిజైన్, పనిముట్లు, పరీక్షా సదుపాయాల ఖర్చు కూడా అందులోనే కలిపారు. సంతోషించాల్సిన వార్తే. నాకున్న అభ్యంతరం ఒక్కటే. పరిశోధన ఖర్చు కొనుగోలు ఆర్డరులో కలిసిపోతే దానివల్ల వచ్చిన జ్ఞానం ఒక కంపెనీ బీరువాలో ఉండిపోతుంది. కాలేజీకి రాదు, ఇంకో కంపెనీకి అందదు, వచ్చే తరానికి పాఠం కాదు. పైగా రాజస్థాన్‌లో గుఢా–ఠఠానా మిఠ్రీ మధ్య ఆర్‌డీఎస్‌ఓ కోసం వేస్తున్న పరీక్షా ట్రాకు 220 కిలోమీటర్ల వేగానికే. దాని గేజు, అంటే రెండు పట్టాల మధ్య ఎడం, బ్రాడ్ గేజు; హైస్పీడ్ లైనుది అంతకంటే ఇరుకైన స్టాండర్డ్ గేజు. ఏడు కారిడార్లు ప్రకటించిన దేశానికి వాటి వేగాన్ని పరీక్షించుకునే సొంత ట్రాకు ఉండాలి కదా. మద్రాస్ ఐఐటీలో, గాలి తీసేసిన గొట్టంలో బండిని నడిపే ప్రయోగం కోసం వేసిన 422 మీటర్ల హైపర్‌లూప్ గొట్టానికి రైల్వే శాఖ నిధులిచ్చింది, ఆ పిల్లల పనిని మెచ్చుకుంటాను. అంత ఉత్సాహం పట్టాల కింద మట్టి మీద, కట్టల మీద, చక్రం మీద కూడా చూపించాలి. వార్తల్లోకి ఎక్కని పరిశోధన అది, దాన్ని అడిగేవాళ్లు లేరు. అందుకే మీరు అడగాలి.

డబ్బు లేదనే జవాబు వస్తే ఒప్పుకోవద్దు. 2025-26లో రైల్వేకు మూలధన వ్యయం కింద కేంద్రం 2.52 లక్షల కోట్లు ఇచ్చింది. పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణల కోసం లక్ష కోట్ల నిధిని 2025లో ఏర్పాటు చేసింది. అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థకు చట్టం 2023లోనే వచ్చింది. గిన్నెలున్నాయి, వడ్డించమని అడిగే ఎంపీలు కావాలి. దేశం మొత్తం పరిశోధనకు పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం దగ్గర ఆగిపోయి ఉంది. కొరియాలో అది 5 శాతం దరిదాపుల్లో ఉంది.

హైస్పీడ్ రైలు ఎందుకు, జనరల్ బోగీలో నిలబడడానికే చోటు లేదు కదా అని నన్ను చాలామంది అడుగుతారు. పండగ రోజుల్లో పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో జనం ఎలా వేలాడతారో నాకు తెలుసు. 2011-12లో మంజూరైన 309 కిలోమీటర్ల నడికుడి–శ్రీకాళహస్తి లైను ఇంకా పూర్తి కాలేదు. కనిగిరి, పామూరు, వింజమూరు, ఆత్మకూరు వాళ్లు ఎన్నాళ్లుగా రైలు కూత కోసం ఎదురుచూస్తున్నారో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ లైను నిధుల్లోంచి ఒక్క రూపాయి తీసి ఇటు పెట్టమని నేను అడగడం లేదు. అసలు ఈ పరిశోధన ఆ లైనుకే ముందు ఉపయోగపడుతుంది. దర్శి, పొదిలి దగ్గర రేగడి మీద కట్ట ఎలా నిలపాలో తెలిస్తే మామూలు రైలుకూ అదే తెలివి. పడుగుపాడు దగ్గర వరద ఏ మట్టం దాటితే కట్ట తెగుతుందో ముందే హెచ్చరించే యంత్రం పెడితే అది కాపాడేది పినాకినిని, సింహపురిని, గూడ్సు బండ్లను. విజయవాడ–గూడూరు మధ్య వేగం 2022లో 130కి పెంచారు. ఆ వేగానికి కట్టలు ఎలా స్పందిస్తున్నాయో కొలిచినా చాలు, మొదటి మెట్టు ఎక్కినట్టే.

తొందరపడితే ఏమవుతుందో కూడా చూశాం. 2011 జులైలో చైనాలోని వెన్‌జౌ దగ్గర రెండు వేగం రైళ్లు ఢీకొని 40 మంది చనిపోయారు. పిడుగు పడ్డాక సిగ్నల్ వ్యవస్థ తప్పు చూపింది, లోపాలు ముందు పట్టుకోలేదని విచారణలో తేలింది. పరీక్షలకు సమయం, డబ్బు, స్వతంత్రంగా పరీక్షించే మనుషులు కావాలి. ప్రారంభోత్సవం తేదీ ముందు పెట్టుకుని పరీక్షలు దాని వెనక నడపకూడదు.

ఇక మన దగ్గర ఎక్కడ అంటే, బిట్రగుంట. ఆవిరి ఇంజన్ల రోజుల్లో అక్కడ పెద్ద లోకోషెడ్డు, యార్డు, రైల్వే కాలనీ. ఇంజన్లు మారాక ఊరి కళ తప్పింది. వందల ఎకరాల రైల్వే స్థలం మెయిన్ లైను పక్కనే ఉంది. అక్కడ ఏదో ఒకటి పెట్టమని ఆ ఊరివాళ్లు ఎప్పటి నుంచో అడుగుతున్నారు. భూసేకరణ అక్కరలేదు, కంకర, యంత్రాలు రైల్లోనే దిగుతాయి. అక్కడ రైలు మార్గాల నేల పరిశోధన కేంద్రం ఒకటి పెట్టమని అడగండి. రకరకాల పద్ధతుల్లో గట్టిపరిచిన ప్రయోగ కట్టలు పోయాలి. సున్నం స్తంభాలు, రాతి స్తంభాలు, వలలు పరిచిన మట్టి, అన్నీ పక్కపక్కన. లోపల సెన్సార్లు పెట్టి కనీసం రెండు వానాకాలాలు కొలవాలి. రేగడికి టంగుటూరు వైపు ఒక చిన్న ముక్క, ఉప్పు గాలికి రామాయపట్నం వైపు ఒక పరికరాల స్థలం ఉంటే చాలు. తిరుపతి ఐఐటీ, ఒంగోలు ట్రిపుల్ ఐటీ, మన జిల్లాల ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీలు అందులో భాగస్వాములు కావాలి. కొలతలు ఎవరైనా చూసుకునేలా బయట పెట్టాలి. ఒకసారి మా విద్యార్థుల ప్రాజెక్టు కోసం ఒక కార్యాలయాన్ని, మట్టి పరీక్ష కోసం తవ్విన పాత బోరు వివరాలు అడిగాం. ఇవ్వడం కుదరదన్నారు. ప్రజల డబ్బుతో తవ్విన బోరు వివరాలవి. కొత్త కేంద్రంలో అలా జరగకూడదు.

సివిల్ లాంటి కోర్ బ్రాంచ్ చదివిన పిల్లలు మా దగ్గర నుంచి వెళ్లి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరుతున్నారు. సివిల్ చదివి ఏం చేయాలి సార్ అని వాళ్ల నాన్న అడిగితే నా దగ్గర జవాబు ఉండడం లేదు. శ్రీహరికోట నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడు 1979 ఆగస్టులో అక్కడి రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం విఫలమైంది. దేశం నిధులు ఆపలేదు. 1980 జులైలో రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లింది. సూళ్లూరుపేట, నాయుడుపేట పిల్లలు ఎంతమంది ఆ కేంద్రంలో ఉద్యోగాలు చేశారో మీకు తెలుసు. ఓటమిని భరించే నిధులు ఉంటేనే అలాంటివి నిలబడతాయి.

కాబట్టి నా విన్నపం ఇది. వచ్చే పార్లమెంటు సమావేశాల్లో రైల్వే మంత్రిని లిఖితపూర్వకంగా అడగండి: హైదరాబాద్–చెన్నై కారిడార్ వివరణాత్మక ప్రాజెక్టు నివేదికలో పరిశోధన, పరీక్షలకు విడిగా ఎంత పెడుతున్నారు? ప్రాజెక్టు వ్యయంలో కనీసం ఒక శాతం దీనికి కేటాయిస్తారా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల మట్టి మీద అధ్యయనం మార్గం ఖరారు కాకముందే పూర్తి చేస్తారా? రైల్వే స్థాయీ సంఘం పద్దులు పరిశీలించేటప్పుడు ఈ అంశం అక్కడికి వెళ్లేలా ఇద్దరూ కలిసి లేఖ రాయండి. మీ పార్టీలు ఏవైనా, ఆ లేఖ మీద రెండు సంతకాలు పక్కపక్కన ఉండాలని కోరుకుంటున్నాను. బాపట్ల, తిరుపతి ఎంపీల సంతకాలు కూడా తోడైతే ఇంకా మంచిది, లైను వాళ్ల ఊళ్లనూ తాకవచ్చు.

మట్టి వివరాలు, పటాలు, ప్రయోగ కట్టల నమూనా డ్రాయింగులు కావాలంటే మా కాలేజీ అధ్యాపకులం తయారు చేసి ఇస్తాం. మీరు కబురు చేస్తే నెల్లూరు వస్తాం, ఒంగోలు వస్తాం. మంత్రి గారి జవాబు వచ్చిన రోజున దాన్ని ఉన్నదున్నట్టు పత్రికలకు ఇవ్వండి.

ఇట్లు,
కావలి ప్రాంత సివిల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడు